ఒకటా, రెండా

ఆ కొట్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. ఓనరు దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆయన మీట బాబాయి. స్పీకర్లూ, వాటిని పలికించే ఆంప్లిఫయర్లూ అమ్మే కొట్టు అది. లోపల, అద్దాల తలుపు వెనక, గోడలకు దళసరి గుడ్డ తాపడం చేసిన గది ఒకటి ఉంది. ఆ గదిలో ఒక గోడ పొడవునా బల్లలు వేసి స్పీకర్లను జతలు జతలుగా నిలబెట్టారు. ఎదురుగా మెత్తటి సోఫా. సోఫా పక్కన ఒక చెక్కపెట్టె, దాని మీద వరసగా మీటలు. ఒక మీట నొక్కితే ఒక జత పలుకుతుంది. ఇంకోటి నొక్కితే అది నోరు మూసుకుని పక్క జత అందుకుంటుంది. పాట మాత్రం తెగదు. ఆ పెట్టె దగ్గరి కుర్చీ బాబాయిది.

కొనడానికి వచ్చినవాణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, "కళ్ళు మూసుకోండి సార్" అనేవాడు. పాట పెట్టి ఒక మీట నొక్కేవాడు. "ఇది ఒకటి." నాలుగు క్షణాలు గడిచాయో లేదో ఇంకో మీట. "ఇది రెండు." మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. పెద్దగా ఆలోచించే వ్యవధి ఇచ్చేవాడు కాదు. "చెప్పండి. ఒకటా, రెండా?"

అందరూ తడుముకోకుండా చెప్పేవాళ్ళు. అందులోనూ ఓనరు ఆ వారం ఏ జతను వదిలించుకోవాలనుకున్నాడో సరిగ్గా దాన్నే చెప్పేవాళ్ళు.

కిటుకు మీటలో లేదు, మీట వెనక ఉంది. ఒక్కో మీటకూ వెనకవైపు తిప్పే చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. అమ్ముడుపోవాల్సిన జతకు ఆ బొడిపెను వెంట్రుకవాసి ముందుకు తిప్పి ఉంచేవాడు బాబాయి. మరీ తిప్పితే, "ఇది గట్టిగా అరుస్తోందయ్యా" అని ఎవడైనా పట్టేస్తాడు. వెంట్రుకవాసి తిప్పితే మాత్రం గట్టిగా ఉందని అనిపించదు, బాగుందని అనిపిస్తుంది. "ఇందులో స్పష్టంగా ఉందండీ, గాయని పక్కనే కూర్చుని పాడినట్టుంది" అంటారు. మనిషి చెవి అంత వెర్రిబాగులది. దీన్ని మోసం అంటారని నేను వేరే చెప్పక్కర్లేదు. ఆయన మాత్రం విద్య అనుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు కూడు పెట్టిన పనిని ఎవడు మాత్రం మోసం అనుకుంటాడు?

అదీగాక ఆయనకో సిద్ధాంతం ఉంది. అది పూర్తిగా తప్పని కూడా అనలేం, అదే వచ్చిన చిక్కు. "చెవికి జ్ఞాపకం ఉండదయ్యా" అనేవాడు కొట్లో కొత్తగా చేరినవాళ్ళతో. "ఇవాళ ఒకటి విని, రేపు ఇంకోటి విని, ఏది బాగుందంటే ఏం చెప్తావు? రేపు నీకు ఇంట్లో గొడవైతే స్పీకరు బాగోలేదంటావు. కడుపునిండా తింటే బాగుందంటావు. అదా పరీక్ష? పక్కపక్కన పెట్టి టకటకా మార్చి చూడాలి. మొదట తోచిందే నిజం. ఆపైన వింటూ కూర్చుంటే చెవి అలవాటు పడిపోతుంది. అలవాటు పడ్డ చెవి సాక్ష్యానికి పనికిరాదు."

ఒకసారి ఒక పెద్దమనిషి కొన్న జతను కార్లో వేసుకుని నెల తిరక్కుండా వెనక్కి వచ్చాడు. "ఏమిటోనండీ, అరగంట వింటే తల పోటు వస్తోంది. పాట ఎప్పుడు ఆపేద్దామా అనిపిస్తోంది. మా ఆవిడైతే ఆ గదిలోకే రావట్లేదు" అన్నాడు. "మీరే కదా సార్ ఏరుకున్నారు?" అన్నాడు బాబాయి. "నేనే ఏరుకున్నాను. మీ కొట్లో అర నిమిషం విన్నాను. ఇంట్లో రోజూ వినాలి కదయ్యా" అన్నాడాయన నొచ్చుకుంటూ. ఆయన వెళ్ళిపోయాక, "పెళ్ళామొస్తే తలపోటు, స్పీకరొస్తే తలపోటు. తల మార్పించుకోవాల్సింది" అని బాబాయి అంటే కొట్టంతా పడీపడీ నవ్వింది. అలా వెనక్కి వచ్చేవాళ్ళంటే ఆయనకు పరమ చులకన. తేల్చుకోవడం చేతకాని మనుషులని ఆయన లెక్క.

ఇంటి సంగతులు కూడా ఇలాగే తేల్చేవాడు. పరుపుల కొట్లో రెండు పరుపుల మీద వెంటవెంటనే వెల్లకిలా పడుకుని లేచి, "ఇదే" అన్నాడు. అప్పట్నుంచీ నడుం నొప్పి. అది పరుపు వల్ల కాదు, వయసు వల్ల అంటాడు. అద్దెకు రెండు ఇళ్ళు చూపిస్తే ఒకదాని తలుపు తీసి, రెండోదాని తలుపు తీసి, వెలుతురు ఎక్కువున్నది ఖాయం చేశాడు. మధ్యాహ్నం దాటితే ఆ వెలుతురే ఇంట్లోకి దూరి మనుషుల్ని మాడ్చేస్తుందని మొదటి వేసవిలో తెలిసింది. ఆయనకు తెలియలేదు, ఆయన పగలంతా కొట్లో చల్లగా ఉంటాడు కదా. తెలిసింది ఆయన భార్యకు. ఆవిడ కుట్టు మిషన్ను కిటికీ దగ్గర్నుంచి వంటింటి గుమ్మంలోకి జరుపుకుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడితో కాపురం చేసే ఇల్లాలు కుందేలు కాళ్ళు లెక్కపెట్టడం ఎప్పుడో మానేస్తుంది.

ఆవిడ ఇంట్లోనే బట్టలు కుట్టేది. పాతబట్టలకు కొత్త కొలతలు పెట్టడంలో ఆ వీధిలో ఆవిడకు పేరు. దారం తెగబోయే ముందు మిషను చప్పుడు మారుతుందట. ఆ చప్పుడు విని ముందే కాలు తీసేసేది. ఒక ఏడు ఆ చప్పుడు ఆవిడకు వినిపించడం మానేసింది. తర్వాత తలుపు కొట్టినా వినిపించలేదు. ఆయన వీధి గుమ్మంలో నిలబడి కేకలేసి, లోపలికి వచ్చాక చిరాకుపడేవాడు. "ఏం చేస్తున్నావే లోపల, చెవులు తాకట్టు పెట్టావా?" ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు కూడా ఆయన మొహం చూసి నవ్విందే గాని మాట విని నవ్వింది కాదు. ఆ సంగతి కనిపెట్టడానికి, చెవుల వ్యాపారంలో తలపండిన మనిషికి, చాలాకాలమే పట్టింది.

ఆవిడకు లోకంలో ముఖ్యమైన మనిషి ఎవరంటే భర్త అని చెప్పాలని నాకూ ఉంది. కానీ కాదు, అక్క. తల్లి చిన్నతనంలోనే పోతే చెల్లెలికి తల దువ్వి, అన్నం పెట్టి, చదువు చెప్పించిన అక్క. చెల్లెలికి మనవలెత్తే వయసొచ్చినా ‘చిట్టీ’ అనే పిలిచేది. పూట ప్రయాణం దూరంలో కూతురింట్లో ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోను చేసేది. మాట్లాడుకునే విషయాలేవీ ఉండేవి కావు. ఏం వండావు, కాళ్ళ వాపు తగ్గిందా, ఎదురింటివాళ్ళ గొడవ ఎక్కడిదాకా వచ్చింది, అంతే. అక్కది మొదట్నుంచీ సన్నటి గొంతు. ఆ ఏడు ఊపిరితిత్తుల జబ్బు చేసి ఇంకా సన్నబడింది. ఇక్కడ చెల్లెలికి చెవులు, అక్కడ అక్కకు గొంతు, రెండూ కూడబలుక్కున్నట్టు ఒక్కసారే వెనక్కి తగ్గాయి.

అప్పుడు నోరు విడిచి అడిగింది భర్తని. ముప్ఫయ్యేళ్ళలో ఆవిడ తనకంటూ అడిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"నాకు చెవి మిషను కొనిపెట్టండి. లోకమంతా వినబడక్కర్లేదు. అక్క మాట వినబడితే చాలు."

"ఓస్, ఇంతేనా? చెవి సంగతి నాకొదిలెయ్" అన్నాడాయన, గర్వంగా.

చెవి మిషన్లు ఇచ్చే చోటు ఒక మేడమెట్ల పక్కన ఇరుకు గది. పరీక్షలు చేసే అమ్మాయి నెమ్మదస్తురాలు. ఆవిడ చెవులకు గొట్టాలు తగిలించి, కుయ్యిమనే చప్పుళ్ళు వినిపించి, కాగితం మీద గీతలు గీసి, చివరికి రెండు రకాల మిషన్లు బల్ల మీద పెట్టింది.

"రెండూ పనికొస్తాయి అంకుల్. ముందు ఒకటి ఇంటికి తీసుకెళ్ళి ఓ పక్షం రోజులు పెట్టుకోమనండి. తర్వాత రెండోది ఓ పక్షం. వంటింట్లో, రోడ్డు మీద, ఫోన్లో, అన్నిచోట్లా చూసుకోవాలి. నాకైతే ఆంటీకి రెండోదే సుఖంగా ఉంటుందనిపిస్తోంది. చూశాక చెప్పండి, తొందరేం లేదు."

బాబాయి నవ్వాడు. కొట్లో తలపోటు పెద్దమనిషిని చూసి నవ్విన నవ్వే. "అమ్మా, నువ్వు పుట్టకముందు నుంచీ నేను చేస్తున్న పని ఇదే. పక్షం తర్వాత ఈవిడకు మొదటిదాని సంగతి గుర్తుంటుందా? ఇక్కడే, ఇప్పుడే తేల్చేస్తాను. నువ్వు మిషన్లు మారుస్తూ ఉండు, చాలు."

ఆయన పద్ధతి ఆయనకుంది. పెదాల కదలిక చూసి పట్టేయకుండా భార్య వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. ఒకే వాక్యం రెండుసార్లూ అనాలని నిర్ణయించుకున్నాడు. అమ్మాయి మొదటి మిషను పెట్టింది. "కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటోంది" అన్నాడు. అమ్మాయి అది తీసి రెండోది పెట్టింది. "కిటికీ తలుపు గాలికి కొట్టుకుంటోంది" అన్నాడు. మళ్ళీ మొదటిది. మళ్ళీ రెండోది.

అయితే మొదటిది పెట్టినప్పుడల్లా ఆయన గొంతు వెంట్రుకవాసి లేచేది. కావాలని చేశాడా అంటే, లేదనే చెప్పాలి. రెండోది బాగుంటుందని అమ్మాయి అంది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తనకు చెవుల సంగతి చెప్పడమా అని ఆయన మనసు అప్పటికే మొదటిదాని పక్షం చేరింది. మనసు చేరిన పక్షానికి గొంతు తనంతట తానే వెళ్ళింది. ఏళ్ళ తరబడి వేళ్ళు చేసిన పని ఆ పూట గొంతు చేసింది.

"అంకుల్, రెండుసార్లూ ఒకే గొంతుతో చెప్పాలి" అంది అమ్మాయి.

"నాకు చెప్తున్నావా?" అన్నాడాయన. ఆ మాట ఏ మిషనూ లేకుండానే వినబడేంత గట్టిగా అన్నాడు.

అప్పుడు ఆవిడ చెవుల్లో రెండోది ఉంది. ఆవిడ తల కాస్త వంచి, ఎక్కడో దూరంగా ఏదో వింటున్నట్టు కూర్చుని, "ఇది ఇంకాసేపు ఉంచుకోనివ్వండి" అంది.

"ఉంచితే అలవాటైపోతుంది. అలవాటైతే తెలియదు." ఆయనే చెయ్యి పెట్టి తీసేశాడు. చుట్టూ తిరిగి ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "చెప్పు. ఒకటా, రెండా?"

ఆవిడ భర్త మొహంలోకి చూసింది. చెవులు మొండికేశాక ఆవిడకు మొహాలు చదవడం బాగా వచ్చింది. జవాబు అక్కడ అక్షరాలా రాసి ఉంది.

"ఒకటి" అంది.

ఆయన అమ్మాయి వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. ఆ సాయంత్రం కొట్లో ఈ కథ చెప్పి, "తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఆ పిల్లకు తెలిసొచ్చింది" అన్నాడు. అందరూ మెచ్చుకున్నారు.

ఇంటికొచ్చిన మిషను నిజంగానే గట్టిగా పలికింది. అన్నీ గట్టిగానే పలికింది. గిన్నె మీద మూత పెడితే నెత్తిన మొట్టినట్టు ఉండేది. కుళాయి తిప్పితే ఆవిడ ఉలిక్కిపడేది. కుట్టు మిషను దగ్గర కూర్చోవాలంటే దాన్ని తీసి పక్కన పెట్టాల్సి వచ్చేది. ఇవన్నీ ఆవిడ ఓర్చుకుంది, ఓర్చుకోవడం ఆవిడకు కొత్త కాదు. ఓర్చుకోలేనిది ఒక్కటే. ఫోను చెవి దగ్గరికి తెచ్చిందంటే చాలు, అది కుయ్యిమని కూసేది. ఆ కూతలో అక్క సన్నటి గొంతు కొట్టుకుపోయేది. ఫోను దూరంగా పట్టుకుంటే కూత ఆగేది గాని అక్క అసలే వినబడేది కాదు. ఫోను స్పీకర్లో పెడితే మాటలన్నీ ముద్దముద్దగా వచ్చేవి.

"ఫోను దగ్గర కూస్తోందండీ" అంది.

"ఫోనుదై ఉంటుంది లోపం."

ఫోను మార్చి చూశారు. అదీ కూసింది.

"కొన్నాళ్ళు వాడు. అలవాటవుతుంది" అన్నాడు.

వినేవాళ్ళెవరైనా ఉంటే నవ్వాల్సిన మాట అది. అలవాటైన చెవి సాక్ష్యానికి పనికిరాదని ఊరంతా చాటిన మనిషి, తన ఇంటికొచ్చేసరికి అలవాటు చేసుకోమంటున్నాడు. చెప్పేటందుకే నీతులు మరి.

మరి కొన్నాళ్ళకు ఆవిడ మళ్ళీ అడిగింది. "ఆ రెండోది ఓసారి అడిగి చూద్దామండీ. ఆ అమ్మాయి మంచిదే, ఏమీ అనదు."

ఏమీ అనదనే ఆయన భయం. ఏమీ అనకుండా రెండో మిషను తీసి బల్ల మీద పెడుతుంది. అప్పుడు తాను ఎవరు? కార్లో స్పీకర్లు వేసుకుని వెనక్కి వచ్చిన పెద్దమనిషి. ఆ గది గడప మళ్ళీ తొక్కడం కంటే భార్య చెవిలో కూత వినబడనట్టు ఊరుకోవడమే ఆయనకు తేలికైంది. "చూద్దాంలే" అన్నాడు. ఆయన నోట చూద్దాంలే అంటే చూడననే అర్థమని ఆవిడకు తెలుసు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఫోను మోగింది. ఆవిడ చేతులు తుడుచుకుని వచ్చి, మిషను సర్దుకుని, మంచం అంచున కూర్చుంది. కూత ఆయనకూ సన్నగా వినబడుతూనే ఉంది. కానీ ఆవిడ హాయిగా మాట్లాడుతోంది.

"ఆఁ అక్కా... ఆఁ... అలాగే... ఆఁ, తప్పకుండా. తప్పకుండా అక్కా."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆవిడ ఫోను పెట్టేయగానే, "చూశావా? అలవాటవుతుందని చెప్పానా లేదా?" అన్నాడు.

"ఏమన్నారు?"

గట్టిగా మళ్ళీ చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నాకొక్క ముక్క వినబడలేదండీ."

"మరి తప్పకుండా అన్నావు?"

"ఏదో అడిగింది. అడిగిందని తెలుస్తుంది గాని ఏం అడిగిందో తెలియదు. వినబడలేదంటే గొంతు పెంచుతుంది. గొంతు పెంచితే దగ్గు వస్తుంది, ఇక ఆగదు. మొన్నొకసారి నా కోసం అరిచి అరిచి ఊపిరాడక ఫోను పడేసింది. అందుకని అన్నిటికీ ఆఁ అంటున్నా." మళ్ళీ తనే అంది, "ఇవాళ ఏదో పట్టుబట్టి అడిగింది. రెండుమూడుసార్లు అడిగింది. మీరోసారి చేసి కనుక్కోండి, ఏమందో."

"సాయంత్రం చేస్తాలే."

సాయంత్రం చేయలేదు. మర్చిపోయాడని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఫోను చేతిలోకి తీసుకున్నాడు, అక్క కూతురి నంబరు దాకా వెళ్ళాడు. ‘ఇవాళ మీ అమ్మ ఏమందో మా ఆవిడకు వినబడలేదు’ అని మొదలుపెట్టాలి. ‘అదేమిటి బాబాయ్, కొత్త మిషను కొన్నారుగా?’ అంటుంది అక్క కూతురు. మిషను గురించి ఆ ఇంట్లో ఆయనే స్వయంగా గొప్పలు చెప్పి ఉన్నాడు. ఫోను మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు. ముసలివాళ్ళు ఏం అడుగుతారు, పచ్చడి ఎలా పెట్టావనో, కాళ్ళకు ఏం రాస్తున్నావనో, అనుకున్నాడు. ఆవిడ ఒకటి రెండుసార్లు గుర్తుచేసింది. ఆయన విసుక్కున్నాడు. ఆవిడ మానేసింది.

తర్వాత మధ్యాహ్నాల ఫోన్లు తగ్గాయి. వచ్చినా అర నిమిషమే. అక్కకు ఓపిక లేదనుకుంది ఆవిడ. ఇక్కడి నుంచి ఆవిడ చేస్తే అక్కడ ఎవరో తీసి ఏదో చెప్పేవారు. కుయ్యిమనే కూతలోంచి ‘పడుకుంది’ అన్నట్టు ఒక మాట తేలేది.

ఒక ఉదయం కొట్లో మీట బాబాయి ఎవరికో "ఇది ఒకటి" అంటుండగా జేబులో ఫోను కదిలింది. అక్క కూతురు. అక్క పోయింది.

వాళ్ళు వెళ్ళేసరికి ఆ ఇరుకు ఇంటి నిండా మనుషులు. అక్కను ముందుగదిలో పడుకోబెట్టారు. ఆవిడ వెళ్ళి పక్కన కూలబడి అక్క చెయ్యి పట్టుకుంది, ఏడవలేదు. ఆయన గోడవారన నిలబడ్డాడు. కాసేపటికి అక్క కూతురు ఆయన దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది, తిట్టినా పడేవాడు.

"పిన్ని ఎందుకు రాలేదు బాబాయ్? ఒంట్లో బాగాలేదా?"

"ఎప్పుడు?"

"పిన్నిని రమ్మని అమ్మ అడిగిందట. నాకు తెలియకుండా అడిగింది. పిన్ని వస్తే నాకు భారమనుకుంటానని అమ్మ భయం. ‘ఒక్క నాలుగు రోజులు వచ్చి నా దగ్గర ఉండవే, ఊరికే వచ్చినట్టు రా’ అందట. పిన్ని తప్పకుండా అందట. ఆ మర్నాటి నుంచీ మొదలు, పక్క మంచం మీద దుప్పటి మార్చు, చిట్టి వస్తుంది అని. ఎప్పుడొస్తుందమ్మా అంటే, ‘వస్తానంది, అది అంటే వస్తుంది’ అనేది. నేను ఫోను చేసి అడుగుతానంటే వద్దంది. అడిగితే తొందరపెట్టినట్టు ఉంటుందట. మెట్ల మీద ఎవరి అడుగులు వినబడినా తల ఎత్తేది. మొన్నటి దాకా ఎత్తింది."

బాబాయి భార్య వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు. ఆవిడ అప్పటికే తననే చూస్తోంది. పిల్ల పెదాలూ, తన మొహమూ, రెండూ చూస్తోంది.

"ఏమంటోందండీ?" అంది అక్కడి నుంచే.

"ఏం లేదు. ఏడుస్తోంది."

ఆవిడ లేచి వచ్చింది. ఆయనను దాటుకుని పిల్ల భుజం పట్టుకుంది. "నాకు చెప్పవే. బాబాయికి చెప్పింది నాకూ చెప్పు."

పిల్ల పిన్ని చెవికి నోరు ఆనించి, వెక్కుతూ, గట్టిగా, మళ్ళీ మొదటి నుంచీ చెప్పింది. దుప్పటి సంగతీ చెప్పింది, అడుగుల సంగతీ చెప్పింది. ఆ మిషను అంత ఖరాఖండిగా ఏనాడూ పలకలేదు. ఒక్క అక్షరం పోకుండా వినబడింది ఆవిడకు. గదిలో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

అప్పుడు ఏడ్చింది ఆవిడ. "నాకు వినబళ్ళేదక్కా, నాకు వినబళ్ళేదే" అని అక్క పాదాల మీద తల పెట్టి ఏడ్చింది. ఆవిడ నోట ఆ మాట తప్ప ఇంకో మాట రాలేదు. రెండో మిషను సంగతి గాని, సాయంత్రం చేస్తానన్న ఫోను సంగతి గాని ఎవరికీ చెప్పలేదు. చెబితే నలుగురిలో ఆయన తలెత్తుకోలేడని ఆ స్థితిలో కూడా దాచిందో, లేక చెప్పి లాభం లేని మనిషని వదిలేసిందో ఆయనకు తెలియలేదు. వచ్చేటప్పుడు బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది.

ఇంటికొచ్చాక ఆవిడ మిషను తీసి అద్దం ముందున్న దువ్వెన పక్కన పెట్టింది. మళ్ళీ పెట్టుకోలేదు. వంట చేసేది, బట్టలు కుట్టేది, ఆయన కంచం ముందు కూర్చుంటే వడ్డించేది. ఆయన ఏమైనా అంటే మొహం చూసి, కావలసింది తెచ్చి ఇచ్చేది. మధ్యాహ్నం ఫోను మోగే వేళకు మాత్రం కుట్టు ఆపి కాసేపు ఊరికే కూర్చునేది.

కొట్లో బాబాయి కుర్చీ బాబాయిదే. కానీ ఒకరోజు సోఫాలో కూర్చున్న మనిషిని "ఒకటా, రెండా?" అని అడగబోయి ఆగిపోయాడు. ఆ మనిషి కళ్ళు తెరిచి, "ఏమైందండీ?" అన్నాడు. బాబాయి మీట వదిలేసి లేచి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి వచ్చేశాడు.

ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని ఎవరిదో జాకెట్టు కుట్లు విప్పుతోంది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని ఆయనకు తెలియక కాదు.

"రేపు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్దాం. ఆ రెండోది తెచ్చుకుందాం."

ఆవిడకు వినబడలేదు. ఆయన గట్టిగా అన్నాడు. పెదాలు విడివిడిగా కదిలిస్తూ మళ్ళీ అన్నాడు.

"పక్షం రోజులు కాదు, నీ ఇష్టం వచ్చినన్నాళ్ళు పెట్టుకుని చూడు. నేనేమీ అడగను. నిన్ను తొందరపెట్టను."

ఈసారి అర్థమైంది ఆవిడకు. చేతిలోని కత్తెర పక్కన పెట్టి ఆయన మొహంలోకి చూసింది. కోపంగా చూడలేదు. కొలత తెలియక ఆగిన మనిషి అడిగినట్టు మామూలుగా అడిగింది.

"ఇప్పుడు ఎవరి మాట వినడానికండీ?"

ఆవిడ జవాబు కోసం ఆయన పెదాల వంక చూస్తోంది. ‘నా మాట’ అనడానికి ఆయనకు నోరు రాలేదు.